ఏడేళ్ల బాబుకి ఏటీవీ: ‘ఎదుగుతాడు కదా’ అని పెద్దది కొనొద్దు

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. ఇంటి వెనక మూడెకరాల స్థలం ఉంది. బాబుకి ఏడేళ్లు. పక్కింటి పిల్లలు నడుపుతున్నారని మావారు వాడికీ ఏటీవీ (మట్టినేల మీద నడిపే నాలుగు చక్రాల మోటారు బండి) కొంటానంటున్నారు. అదీ 110 సీసీది. చిన్నదైతే రెండేళ్లకే చాలదట. నాలుగేళ్ల పాపని వెనక ఎక్కించుకోవచ్చని కూడా అంటున్నారు. వద్దంటే రోజూ గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పదహారేళ్లలోపు వాళ్లు ఏటీవీ నడపనే వద్దంటుంది. కొనకపోవడమే అన్నిటికంటే క్షేమం. ఆ మాట మీద మీరు గట్టిగా నిలబడవచ్చు.

ఇద్దరూ కలిసి కొందామనే అనుకుంటే, 110 సీసీకి మాత్రం ఒప్పుకోకండి. అక్కడ పిల్లల ఏటీవీలకి వయసు లేబుల్ ఉంటుంది. ఆరేళ్లు నిండినవారి బండి వేగం గంటకి 15 మైళ్లు మించకూడదు, వేగాన్ని కట్టడి చేసే లిమిటర్ బిగిస్తే 10. పదేళ్లవారిది లిమిటర్ తీస్తే 30 దాకా వెళ్లగలదు. పోలారిస్ ఔట్‌లా 110 పదేళ్ల వర్గంలోది. మీ బాబు వయసుకి యమహా వైఎఫ్‌జెడ్50, ఔట్‌లా 70 లాంటివి సరిపోతాయి. ఎదుగుతాడని లాగూ ఒక సైజు పెద్దది కొన్నట్టు దీన్ని కొనకూడదు. 50 సీసీ బండే దాదాపు వంద కిలోలు తూగుతుంది. మలుపులో ఒంటిని వంచి బండిని అదుపులో పెట్టాలి. బండి పెద్దదైతే పాతిక కిలోల పిల్లవాడికి ఆ బలం చాలదు, తిరగబడితే మీద పడుతుంది.

షోరూమ్‌కి బాబుని తీసుకెళ్లండి. ఫుట్‌రెస్టుల మీద నిలబడితే సీటుకీ వాడికీ మధ్య మూడు నుంచి ఆరు అంగుళాల ఖాళీ ఉండాలి. కూర్చున్నప్పుడు తొడలు నేలకి సమాంతరంగా ఉండాలి. హ్యాండిల్‌ని పూర్తిగా తిప్పినా మోచేతులు కొంచెం వంగే ఉండాలి. చేయి హ్యాండిల్ మీదే ఉంచి వేళ్లు చాపితే నడిమివేలి కొసనుంచి మొదటి కణుపు బ్రేక్ లివర్‌ని దాటాలి, బొటనవేలు యాక్సిలరేటర్‌కి అందాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా వెనక్కి వచ్చేయండి. సైకిల్ మీద చెప్పినచోట ఆగలేని పిల్లవాడికి కూడా ఇంకా సమయం రాలేదనుకోండి.

పాపని ఎక్కించే మాట చర్చకే రాకూడదు. ఇవి ఒక్కరు నడిపే బళ్లు. వెనక ఇంకొకరుంటే బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలిపోతాయి, బాబు ఒళ్లు కదపలేడు.

యాక్సిలరేటర్ లివర్ దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, లిమిటర్ అదే. అది లోపలికి తిప్పేకొద్దీ వేగం తగ్గుతుంది. దాన్ని మీవారు బిగించాక, మీరూ నొక్కి చూడండి. లాగితే ఇంజన్ ఆగిపోయే తాడు ఉన్న బండే తీసుకోండి. అమెరికా రవాణా శాఖ ప్రమాణాన్ని తెలిపే డాట్ (DOT) గుర్తున్న హెల్మెట్, గాగుల్స్, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. సైకిల్ హెల్మెట్ చాలదు. తారు రోడ్డు మీదకి వెళ్లనివ్వకండి. తక్కువ గాలి ఉండే ఆ టైర్లు మెత్తనేల కోసం చేసినవి, తారు మీద ఒక్కసారిగా పట్టుకుని బండిని బోర్లా పడేస్తాయి. గాలి చూడటానికి ఏటీవీ కోసం అమ్మే తక్కువ ప్రెషర్ గేజ్ కొనండి. కారు గేజ్ అంత తక్కువని సరిగా చూపించదు. గ్యారేజీ మూసి ఇంజన్ ఆన్ చేయొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇక ఇంట్లో గొడవ సంగతి. బాబు ముందు దీని గురించి వాదించుకోకండి. నాన్న ఇస్తానన్నాడు, అమ్మ అడ్డుపడింది అన్న లెక్క వాడికి రాకూడదు. ఇద్దరూ కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి: బండి నడిచినంతసేపూ పక్కన నిలబడేది ఎవరు, తాళం ఎవరి దగ్గర, లిమిటర్ సడలించడానికి ఇద్దరి ఒప్పుకోలూ కావాలా. తాళం మీ దగ్గరే ఉండటం మంచిది. ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆరేళ్లు దాటిన పిల్లలకి శిక్షణ ఇస్తుంది. మీవారిని తీసుకుని ముందు అక్కడికే వెళ్లండి. ప్రతిసారీ పక్కన నిలబడే తీరిక మీవారికి లేకపోతే, కొనొద్దని అప్పుడు నిస్సంకోచంగా చెప్పండి.

కొన్నా, కొనకపోయినా పక్కింటివాళ్లతో ఈ వారమే మాట్లాడండి. ఆడుకోవడానికి వెళ్లిన బాబు వాళ్ల పెద్ద బండి ఎక్కే అవకాశం ఉంది. వాడిని ఎక్కించవద్దని, వాళ్ల వెనక కూర్చోబెట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి.