దిశ చట్టమా, దిశ బిల్లా?

సందేహం: పేపర్లలో ఎప్పుడూ ‘దిశ చట్టం’ అనే చదివాను. గ్రూప్స్‌కు చదువుతున్న మా అబ్బాయి ‘అది చట్టం కాదు, బిల్లే’ అంటున్నాడు. ఏది సరైన వాడుక? అలాగే ఉరిశిక్ష, మరణశిక్ష ఒకటేనా?

సమాధానం: మీ అబ్బాయి చెప్పిందే సరి. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగాక, 2019 డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. అత్యాచారానికి మరణశిక్ష, ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ అందులోని ముఖ్యాంశాలు. అయితే నేరాలు, శిక్షలు ఉమ్మడి జాబితాలోని విషయాలు, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ చట్టం చేయగలవి. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం మార్పు చేస్తే, అది అక్కడ చెల్లడానికి రాజ్యాంగం 254(2) ప్రకారం రాష్ట్రపతి ఒప్పుకోవాలి. దిశకు ఆ ఒప్పుదల దక్కలేదు, అందుకే బిల్లుగానే మిగిలింది. అది సవరించాలనుకున్న శిక్షాస్మృతి స్థానంలోకే 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చేసింది.

మరి అందరూ చట్టమని ఎందుకన్నారు? ప్రభుత్వమే అలా పిలిచింది. అప్పట్లో దిశ యాప్, దిశ పోలీస్ స్టేషన్లు కళ్లముందు కనిపిస్తుంటే, చట్టం లేదంటే ఎవరు నమ్మేవారు? కానీ నా దృష్టిలో అసలు చిక్కు ‘ఆమోదం’ అనే మాటతో వచ్చింది. సభ చేసేదీ ఆమోదమే, రాష్ట్రపతి ఇచ్చేదీ ఆమోదమే! ‘దిశకు ఆమోదం’ అని హెడ్డింగ్ పెడితే పని పూర్తయిందనే పాఠకుడు అనుకుంటాడు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి. మనం కూడా సభకు ‘ఆమోదం’ ఉంచి, రాష్ట్రపతికి ‘సమ్మతి’ అంటే సరిపోతుంది. ‘ఆమోదముద్ర’ అనే మాట బాగానే ఉంది కానీ, దాన్ని సభకూ వాడేస్తున్నాం.

‘బిల్లు’ అనగానే కరెంటు బిల్లు గుర్తొస్తుందని కొందరు ‘ముసాయిదా’ అంటారు. నేను ఒప్పుకోను. ముసాయిదా అంటే చిత్తుప్రతి, సభలో పెట్టకముందుది. సభ ముందుకొచ్చాక అది బిల్లే.

ఇక రెండో సందేహం. మరణశిక్ష అనేది శిక్ష పేరు, ఉరి దాన్ని అమలుచేసే పద్ధతి. సైనిక చట్టంలో కాల్చి చంపే పద్ధతి కూడా ఉంది. మాటల్లో ఉరిశిక్ష అంటే తప్పులేదు. తీర్పు గురించి రాసేటప్పుడు మాత్రం మరణశిక్ష అనే రాయండి.