లచ్చ సంతకాలెడితే చట్టం మారిపోద్దా?

(ఈ వారం మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: ఎడిటర్ గారూ, మాది చీపురుపల్లి దగ్గర ఊరు. బడికెళ్ళే దారిలో వైన్ షాపు పెట్టారు. ఆడోళ్ళమంతా సంతకాలెట్టి అర్జీ ఇస్తే ఆఫీసులో స్టాంపేసి కాయితం చేతిలో పెట్టారు, అంతే. మావోడేమో స్విట్జర్లాండులో లచ్చ సంతకాలెడితే దేశమంతా ఓటింగ్ పెట్టాల్సిందే అంటన్నాడు. నిజమేనా? మనకెందుకు లేదు?
- ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మీవోడు చెప్పింది నిజమేనమ్మా. అక్కడ 18 నెలల్లో లక్ష సంతకాలు తెచ్చేస్తే రాజ్యాంగంలో ఫలానా మాట మార్చండని దేశం మొత్తం ఓటింగ్ పెట్టాల్సిందే, గవర్నమెంటుకి ఇష్టమున్నా లేకపోయినా. ఇంకోటి కూడా ఉంది, పార్లమెంటు కొత్తగా చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50 వేల సంతకాలు చాలు, అది కూడా జనం ముందుకి రావాలి. ఓటుకి ముందు ఇంటికో చిన్న పుస్తకం వస్తది, కావాలన్నోళ్ళ వాదన, వద్దన్నోళ్ళ వాదన రెండూ వేస్తారు. రాజ్యాంగం మారాలంటే మొత్తం ఓట్లలో మెజారిటీ ఒక్కటే చాలదు, కాంటన్లని వాళ్ళకి రాష్ట్రాల్లాంటివి ఉంటాయి, వాటిలో కూడా ఎక్కువ వాటికి అవుననిపించాలి, అందుకే చాలా మటుకు ఓడిపోతాయి. 2012లో ఉద్యోగులకి ఏడాదికి కనీసం ఆరు వారాల సెలవు ఇవ్వాలా అని అడిగితే మూడింట రెండొంతుల మంది వద్దనేశారు! మొన్న టీ కొట్టు దగ్గర ఈ మాటంటే ఒకాయన గ్లాసు పక్కనెట్టి మరీ నా మొహం చూశాడు, సెలవిస్తానంటే వద్దనేవోడు ఉంటాడేటండీ అని.

కానీ అదే స్విట్జర్లాండులో 1959లో ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇవ్వాలా అని ఓటింగ్ పెట్టారు, ఓటేసింది మగవాళ్ళే కాబట్టి వద్దన్నారు. మళ్ళీ అడిగి అవుననిపించుకునేసరికి 1971 వచ్చింది. మన అమ్మమ్మలు 1952 ఎలక్షన్లకే లైన్లో నిలబడ్డారు, ఏ రెఫరెండమూ (ఒక ప్రశ్న మీద జనమే ఓటేసి తేల్చడం) లేకుండానే.

మనకెందుకు లేదంటే, మన రాజ్యాంగంలో ఆ దారి పెట్టుకోలేదు, ఎమ్మెల్యేని ఎంపీని ఎన్నుకోవడం దాకే. అసలు ఎప్పుడూ జరగలేదని కాదు. 1967 జనవరిలో గోవాని మహారాష్ట్రలో కలపాలా, కేంద్రపాలితంగా ఉంచాలా అని జనాన్నే అడిగారు, కలపాలంటే పువ్వు గుర్తు, వద్దంటే రెండాకులు. రెండాకులే గెలిచింది, 34 వేల ఓట్ల తేడాతో. 1975లో సిక్కింలో కూడా పెట్టారు. ఎమర్జెన్సీ అయ్యాక 1978లో జనతా ప్రభుత్వం రాజ్యాంగం మూలాన్ని ముట్టుకోవాలంటే జనం ఓటు ఉండాల్సిందేనని ఒక సవరణ తెచ్చింది, లోక్‌సభ ఒప్పుకుంది గానీ రాజ్యసభ ఆ ముక్క తీసేసింది, అక్కడితో ఆ సంగతి ఆగిపోయింది.

ఇక మీ వైన్ షాపు. మహారాష్ట్రలో దీనికి ఓటుంది తెలుసా, కావాల్సినన్ని సంతకాలెడితే ఊళ్ళో ఓటింగ్ పెడతారు, బ్యాలెట్ మీద రెండు సీసాలు, ఒకటి నిలబడి ఉంటది, ఒకటి పడుకుని ఉంటది. చదువు రాని ముసలమ్మకి కూడా ఇట్టే తెలుస్తది. కిటుకు ఎక్కడంటే, వచ్చినోళ్ళలో సగం చాలదు, మొత్తం ఓటర్లలో సగానికి పైగా పడుకున్న సీసాకి వెయ్యాలి, ఇంట్లో కూచున్న ప్రతి మనిషీ షాపు ఓనరు వైపే లెక్క. మనకి ఆ సీసాల ఓటు లేదు. బడికీ గుడికీ ఇంత దూరం ఉండాలని ఎక్సైజు రూలు మాత్రం ఉంది, కాబట్టి ముందు టేపుతో కొలిపించండి, గ్రామసభలో తీర్మానం రాయించండి, పనిలో పని బెల్టు షాపుల పేర్లు కూడా అందులో ఎక్కించండి.

ప్రశ్న: బ్రెగ్జిట్ చూశాక కూడా రెఫరెండం మంచిదంటారా? మన దగ్గరైతే ఓటుకి ఇంతని పంచేస్తారు కదా.
- ఒక డిగ్రీ కుర్రాడు, పలాస

జవాబు: పంచుడు ఎమ్మెల్యే ఎలక్షన్లకీ ఉంది కదా బాబూ, దానికని ఎలక్షన్లు మానేశామా. బ్రెగ్జిట్లో అసలు తంటా ప్రశ్నలోనే ఉంది. 2016 జూన్ 23న బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, పోవాలా అని అడిగారు, 51.9 శాతం పోదామన్నారు, ఎలా పోవాలో ఎవరూ అడగలేదు. దానికి కొట్టుకుని కొట్టుకుని బయటపడేసరికి 2020 జనవరి నెలాఖరయింది. ఐర్లాండు వాళ్ళు తెలివిగా చేశారు, అబార్షన్ మీద ముందు లాటరీలా 99 మంది మామూలు మనుషుల్ని, పైన ఒక జడ్జిని కూచోబెట్టి నెలల తరబడి వీకెండ్లలో డాక్టర్లనీ లాయర్లనీ వినిపించారు, తర్వాతే 2018లో అబార్షన్ మీద నిషేధం తీసెయ్యాలా అని ఓటు, 66 శాతం అవునన్నారు. నన్నడిగితే ఓటు కన్నా ఆ ప్రశ్న రాసేవోడి చెయ్యి పట్టుకోవడం ముఖ్యం.

ప్రశ్న: పేపర్లో కంపెనీ పెట్టే ముందు "ప్రజాభిప్రాయ సేకరణ" అని రాస్తారు, రెఫరెండానికీ అదే మాట రాస్తారు. రెండూ ఒకటేనా?
- ఒక రైతు, సోంపేట

జవాబు: కాదండీ, ఒకే మాట వాడి మనల్ని బాగా తికమక పెట్టారు. రెఫరెండంలో ఓట్లు లెక్కపెడతారు, గెలుపోటములుంటాయి. కంపెనీ ముందు పెట్టేది పబ్లిక్ హియరింగ్, 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం. అక్కడ చేతులెత్తితే లెక్కెయ్యరు, కనీసం ఇంతమంది రావాలనే కోరం కూడా అక్కర్లేదు, వెయ్యి మంది వద్దన్నా రాసుకుని పైకి పంపుతారు, తేల్చేది పైవాళ్ళు. జనం మాట లెక్కలోకి రాకపోతే ఎక్కడిదాకా పోతదో 2010 జూలైలో కరెంటు ప్లాంటు వద్దన్నందుకు మీ సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గర కాల్పులు చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు.

నిజంగా జనం మాట చెల్లింది మన పక్కనే. విజయనగరంలో రైలెక్కి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటితే ఒడిశాలో మునిగుడ, ఆ వైపు కొండలే నియమగిరి. బాక్సైట్ తవ్వితే అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందుల దేవుడి కొండకీ హక్కులకీ దెబ్బ తగులుతుందా, గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు అంది. వందకి పైగా ఊళ్ళుంటే పన్నెండే ఎంచారని గొడవైంది గానీ, ఆ పన్నెండూ వద్దన్నాయి. మరుసటేడు జనవరిలో కేంద్రం పర్మిషన్ ఇవ్వనంది.

మీ దగ్గర మళ్ళీ ఎప్పుడైనా హియరింగ్ పెడితే ఒక్కటి గుర్తెట్టుకోండి. జనం అన్న మాటలన్నీ చివర్లో తెలుగులో చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. భోజనాల పొట్లాలు పంచుతున్నారని అందరూ లేచిపోయే టైమది. మీరు మాత్రం లేవకండి, మీరన్న మాట చదివిన కాయితంలో ఉందో లేదో విని, లేకపోతే అక్కడికక్కడే మైకు అడగండి.