ముక్కులో గింజ ఇరుక్కుంటే పిన్నీసు జోలికి పోకు

అమ్మలూ,

పాపకి రెండేళ్ళు నిండాయిగా, ఇక ఈ సంగతి నీకు చెప్పి తీరాలి. ఈ వయసు నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా పిల్లలు చేతికి దొరికినదల్లా ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు. అది పెంకితనం కాదు, నీ పెంపకంలో లోపమూ కాదు. కన్నం కనిపిస్తే అందులో ఏదో ఒకటి పెట్టి చూడాలనిపించే వయసు అది. ఈఎన్‌టీ వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ నేను చూసినవి పెసలు, శనగలు, చింతపిక్కలు, బలపం ముక్కలు, రబ్బరు ముక్కలు, అక్క గౌను నుంచి ఊడిన పూసలు, పట్టీల మువ్వలు. వీటిలో చాలావాటిని డాక్టరు నిమిషంలో తీసేసేవారు. బాగా కష్టమయ్యేది ఎప్పుడంటే, ఇంట్లో నలుగురూ పిల్లని పట్టుకుని, పిన్నీసుతోనో హెయిర్‌పిన్నుతోనో తీద్దామని చూసి, కుదరక అప్పుడు తీసుకొచ్చినప్పుడు.

ఎందుకో చెప్తా విను. పూస ముక్కు అంచునే మెరుస్తూ కనిపిస్తుంది, పట్టుకారుతో లాగితే వచ్చేస్తుందనిపిస్తుంది. గుండ్రటిదాన్ని పట్టుకోబోతే జారుతుంది, జారిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి పోతుంది. లోపలి పొర చాలా పల్చన, గీసుకుంటే రక్తం వస్తుంది, వాస్తుంది, ఇక ఏమీ కనపడదు. మరీ వెనక్కి నెడితే గొంతులోకి జారి గాలిగొట్టంలో పడే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు అసలు దాన్ని పట్టుకుని లాగరు. కొన వంచిన సన్నటి హుక్కుని పూస పైనుంచి పోనిచ్చి, దాని వెనక్కి తిప్పి, అక్కణ్ణుంచి ముందుకి లాక్కొస్తారు. పిల్ల అప్పటికే బెదిరిపోకుండా ఉంటే మొదటి ప్రయత్నంలోనే వచ్చేస్తుంది. బెదిరిపోయి తల కదిలిస్తుంటే మత్తు ఇచ్చి తీయాల్సి వస్తుంది. అందుకే ముక్కులో ఏదైనా పెట్టి తీసే పని మొదటి ప్రయత్నం నుంచే డాక్టరుకి వదిలెయ్.

ఇంట్లో చేసి చూడదగ్గది ఒకటుంది, మదర్స్ కిస్ అంటారు. 1965లో న్యూజెర్సీ డాక్టరొకరు రాసిన పద్ధతి ఇది, చేసినవాళ్ళలో పదిమందిలో ఆరుగురికి పనిచేస్తుంది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దు పెడతానని చెప్పు. నీ నోటితో దాని నోరు పూర్తిగా మూసి, ఖాళీగా ఉన్న ముక్కుపుటాన్ని వేలితో నొక్కిపట్టి, ముందు మెల్లగా ఊదు. గొంతు దగ్గర గాలి అడ్డుకున్నట్టు తెలుస్తుంది, అప్పుడు ఫూ అని ఒక్కసారి గట్టిగా ఊదు. గింజ ముందుకొచ్చి నీ బుగ్గకి తగలొచ్చు. ఒకట్రెండు సార్లు చూడు, రాకపోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ముక్కుపొడి పెట్టి తుమ్మించమని ఎవరైనా పెద్దవాళ్ళు చెప్తే మాత్రం వినకు, తుమ్ముకి ముందు పిల్లలు గట్టిగా లోపలికి పీలుస్తారు. బయల్దేరేముందు పాలూ బిస్కెట్లూ పెట్టకు. మత్తు అవసరమైతే పొట్ట ఖాళీగా ఉండాలి, చివరిసారి ఏ టైముకి తిన్నదో గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. బటన్ బ్యాటరీ. కారు తాళంలో, సన్నటి రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో, దీపావళికి కొంటున్నామే ఆ ప్లాస్టిక్ దీపాల్లో కూడా ఉంటుంది. అది ముక్కులో పడితే తడికి కరెంటు పుట్టి, రెండు గంటల్లోపే లోపలి కండని కాల్చడం మొదలుపెడుతుంది. వదిలేస్తే రెండు పుటాల మధ్య గోడకి చిల్లు పడుతుంది. అయిపోయిన బ్యాటరీ కదా అనుకోకు, అందులో మిగిలిన కాస్త ఛార్జీ చాలు. ముక్కులో చుక్కలు వెయ్యకు, నీళ్ళు పెట్టకు, ఊది చూస్తూ టైము పోగొట్టకు. అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి 'బ్యాటరీ' అన్న మాట మొదటే చెప్పు. ఏం పెట్టుకుందో తెలియకపోయినా, బొమ్మ వెనక మూత ఊడి కనిపిస్తే బ్యాటరీ అనే అనుకో. చిన్న అయస్కాంతాలూ ఇంతే. రెండు పుటాల్లో చెరొకటి పెట్టుకుంటే మధ్య గోడని నొక్కిపట్టేస్తాయి.

చెవి సంగతి కొంచెం వేరు. గింజ పడితే, నొప్పి, రక్తం లేకపోతే రాత్రికి రాత్రి పరిగెత్తక్కర్లేదు, పొద్దున్నే వెళ్ళొచ్చు. నీళ్ళు మాత్రం పొయ్యకు, నానిన శనగ ఎంత ఉబ్బుతుందో నీకు తెలుసు, అది ఆ సన్నటి దారిలో ఉబ్బితే నొప్పితో పిల్ల అల్లాడిపోతుంది. పురుగు దూరి లోపల కదులుతుంటే మాత్రం, చీము కారే చెవి కాకపోతే, చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి గోరువెచ్చటి కొబ్బరినూనె నాలుగు చుక్కలు వెయ్యి. పురుగు చచ్చి ఆ రొద ఆగుతుంది, తీయించడానికి తర్వాత వెళ్ళొచ్చు.

చాలాసార్లు పిల్లలు చెప్పనే చెప్పరు. జలుబయితే రెండు వైపులా కారుతుంది. ఒక్క పుటం నుంచే పచ్చగా, కుళ్ళు వాసనతో కారుతుంటే ఏదో ఇరుక్కుందనే అనుమానించాలి. సిరప్పు తాగితే తగ్గడం, ఆపితే మళ్ళీ రావడం, ఇలా వారాలు గడిచాక లోపల స్పాంజి ముక్క బయటపడ్డ పిల్లల్ని చూశాను. పక్కన కూర్చుంటే వాసన వస్తుందని బళ్ళో పిల్లలు దూరం జరిగేవాళ్ళట, అది విన్నప్పుడు ప్రాణం ఉసూరుమంది. అడిగితే కొడతారన్న భయంతో నోరు విప్పలేదు ఆ పిల్లలు. కాబట్టి నువ్వు కేకలెయ్యకు, మీ ఆయన్నీ వెయ్యనివ్వకు. "ఎక్కడ పెట్టావురా బంగారం, చూపించు" అని అడిగితే అదే వేలు పెట్టి చూపిస్తుంది.

ఇంట్లో ఎవరూ దాని ముందు అగ్గిపుల్లతో చెవి గెలుక్కోకండి. చూసిందే చేస్తుంది. మీ అత్తగారు చెవిలో వెల్లుల్లి పెట్టుకుంటారని చెప్పావు, అది పాప కంట పడకుండా చూడమను.

డాక్టరు ఒకటి తీసేశాక, అయిపోయిందని వెంటనే లేచి వచ్చెయ్యకు. రెండో పుటం, రెండు చెవులూ కూడా చూడమని అడుగు. ఒకటి పెట్టుకున్న పిల్ల ఇంకోటి కూడా పెట్టుకుని ఉండొచ్చు.

మీ పెద్దమ్మ