సర్వర్ సందేహాలు: 777 ఇచ్చినా 403 ఎందుకు?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా): మా బట్టల అంగడి బిల్లింగ్ పోర్టల్ రాకీ లినక్స్ 9 మీద అపాచీతో నడుస్తోంది. కొత్త వెర్షన్‌ను హోమ్ ఫోల్డర్‌లో విప్పి, ఎంవీ కమాండుతో /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చినాం. 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చినా 403 ఫర్‌బిడెన్ (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తోంది. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొడితే తెరుచుకుంటోంది. అట్లే వదిలేయొచ్చా సార్?

జవాబు: వదిలేయకండి. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొడితే మీ పోర్టల్ ఒక్కదానికే కాదు, మెషిన్ మొత్తానికీ ఎస్‌ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో చూసే లినక్స్ భద్రతా పొర) కాపలా పోతుంది. పైగా కాన్ఫిగ్ ఫైలులో ఎన్‌ఫోర్సింగ్ (నియమాలు అమలు చేసే స్థితి) అనే ఉంటే, రీబూట్ అయిన మరుక్షణం 403 తిరిగి వస్తుంది.

కెర్నల్ ముందు మామూలు పర్మిషన్లు చూస్తుంది, అవి ఒప్పుకున్నాకే ఎస్‌ఈలినక్స్‌ను అడుగుతుంది. రెండూ సరేనంటేనే ఫైలు తెరుచుకుంటుంది. కాబట్టి 777 వల్ల మీకు ఒరిగిందేమీ లేదు. ఆ మెషిన్‌లో ఎవరైనా మీ కోడ్ మార్చగలిగే వీలు మాత్రం కలిగింది. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 తిరిగి పెట్టండి.

అసలు చిక్కు లేబుల్‌లో (ప్రతి ఫైలుకూ ఎస్‌ఈలినక్స్ తగిలించే గుర్తులో) ఉంది. ఎల్‌ఎస్ కమాండుకు పెద్ద జెడ్ ఆప్షన్ ఇచ్చి చూడండి, మీ ఫైళ్ల మీద యూజర్_హోమ్_టీ అని కనిపిస్తుంది. ఎంవీ పాత లేబుల్‌ను వెంట తెస్తుంది. మామూలు సీపీ (కాపీ కమాండు) అయితే కొత్త ఫైలుకు చేరిన చోటి లేబుల్ వస్తుంది. అపాచీ నడిచే డొమైన్ (ప్రాసెస్‌కు ఉండే లేబుల్) హెచ్‌టీటీపీడీ_టీ. హోమ్ ఫైళ్లు చదివే హక్కు దానికి పాలసీలో (ఎస్‌ఈలినక్స్ నియమాల్లో) మామూలుగా ఉండదు. ఆడిట్ లాగ్‌లోని ఏవీసీ (ఎస్‌ఈలినక్స్ తిరస్కరణ) లైన్ చదివితే ఇదంతా అక్కడే ఉంటుంది: 'డినైడ్' తర్వాత బ్రాకెట్లలో అడిగిన పని, 'ఎస్‌కాంటెక్స్ట్'లో అడిగిన ప్రాసెస్, 'టీకాంటెక్స్ట్'లో అది ముట్టుకోబోయిన ఫైలు లేబుల్, 'టీక్లాస్'లో అది ఫైలా, ఫోల్డరా, పోర్టా అన్నది. ఈ నాలుగూ చూడటం అలవాటైతే సగం సమస్యలకు ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇప్పుడు లేబుళ్లను పాలసీ ప్రకారం తిరిగి పెట్టే రిస్టోర్‌కాన్ కమాండును పెద్ద ఆర్, చిన్న వి ఆప్షన్లతో హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ మీద నడపండి. లేబుళ్లు హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీగా మారడం తెర మీదే కనిపిస్తుంది. ఇది చదవడానికి సరిపోతుంది, రాయడానికి కాదు. బిల్లుల పీడీఎఫ్‌లు దాచే ఫోల్డర్ ఒక్కదానికి ఎస్‌ఈమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో హెచ్‌టీటీపీడీ_సిస్_ఆర్‌డబ్ల్యూ_కంటెంట్_టీ నియమం రాయండి. అయితే నియమం రాయడంతో డిస్క్ మీద ఏదీ మారదు, ఆ ఫోల్డర్ మీద రిస్టోర్‌కాన్ మళ్లీ నడపాల్సిందే. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'పనిచేయలేదు' అనుకుంటారు. సీహెచ్‌కాన్‌తో మార్చిన లేబులేమో తర్వాత ఎప్పుడు రిస్టోర్‌కాన్ నడిచినా చెరిగిపోతుంది. కోడ్ ఉన్న ఫోల్డర్‌కు మాత్రం రాసే లేబుల్ ఇవ్వకండి. రేపు పీహెచ్‌పీలో లోపం దొరికినా, దొంగ మీ కోడ్‌ను తిరగరాయకుండా ఆపేది అదే.

ప్రశ్న (అనంతపురం): ఎంజినెక్స్ వెబ్ సర్వర్ వెనక 3000 పోర్టులో నోడ్ యాప్ పెట్టాం. 502 బ్యాడ్ గేట్‌వే (వెనకున్న యాప్ నుంచి సరైన జవాబు రాలేదన్న ఎర్రర్) వస్తోంది. ఎర్రర్ లాగ్‌లో 13, పర్మిషన్ డినైడ్ అని ఉంది. యాప్ విడిగా బాగానే నడుస్తోంది.

జవాబు: ఎంజినెక్స్ కూడా హెచ్‌టీటీపీడీ_టీలోనే నడుస్తుంది. ఆ డొమైన్ తనంతట తాను ఇతర పోర్టులకు కనెక్ట్ కాకూడదని పాలసీ. అందరూ చెప్పే మందు హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే బూలియన్ (పాలసీలోని ఆన్/ఆఫ్ స్విచ్). పని జరుగుతుంది కానీ, దాంతో వెబ్ సర్వర్ ఏ టీసీపీ పోర్టుకైనా వెళ్లగలదు. యాప్‌ను 8080కి మార్చి, హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_రిలే మాత్రం ఆన్ చేయడం మేలు. 8080కి హెచ్‌టీటీపీ_క్యాష్_పోర్ట్_టీ లేబుల్ ముందే ఉంది. రిలే బూలియన్ అలాంటి కొద్ది రకాల పోర్టులకే దారి ఇస్తుంది. బూలియన్ మార్చే సెట్‌ఎస్‌ఈబూల్‌కు పెద్ద పి ఆప్షన్ మరిచిపోతే ఆ మార్పు రీబూట్‌తో పోతుంది. డేటాబేస్ వేరే మెషిన్‌లో ఉంటే, పేరు చివర డీబీ అని ఉండే బూలియన్ వేరుగా ఉంది, అది వాడండి.

ప్రశ్న (కర్నూలు, ఇంజినీరింగ్ విద్యార్థి): ఏ డినయల్ (తిరస్కరణ) వచ్చినా ఆడిట్2అలౌ నడిపి మాడ్యూల్ (పాలసీకి చేర్చే అదనపు నియమాలు) ఎక్కించేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. జరిగినదంతా న్యాయమే అనుకుని ఆ పనిముట్టు నియమం రాసిస్తుంది. పైన ప్రొద్దుటూరు వారు దాన్ని వాడి ఉంటే, వెబ్ సర్వర్‌కు అందరి హోమ్ ఫైళ్లూ చదివే హక్కు వచ్చి ఉండేది. కావలసింది లేబుల్ దిద్దడం మాత్రమే! ముందు లేబుల్ చూడండి, తర్వాత బూలియన్ ఉందేమో వెతకండి, రెండూ కాకపోతేనే మాడ్యూల్. అది కూడా పెద్ద ఎం ఆప్షన్‌తో తయారయ్యే టీఈ (నియమాలు రాసి ఉండే) ఫైలు తెరిచి, ప్రతి 'అలౌ' లైనూ చదివాకే ఎక్కించండి. షాడో_టీ పేరు కనిపిస్తే అక్కడే ఆపేయండి, అది పాస్‌వర్డ్ హాష్‌ల ఫైలు లేబుల్.

ఎన్‌ఫోర్సింగ్‌లో మొదటి డినయల్ దగ్గరే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, వెనకున్నవి బయటపడవు. ఎస్‌ఈమేనేజ్ పర్మిసివ్‌కు చిన్న ఎ ఆప్షన్ ఇచ్చి ఆ ఒక్క డొమైన్‌నే వదులు చేయండి (అప్పుడు దేన్నీ ఆపదు, లాగ్‌లో మాత్రం రాస్తుంది). లాగిన్, అప్‌లోడ్, బ్యాకప్, లాగ్ రొటేషన్ అన్నీ ఒకసారి నడిపి, వచ్చిన లైన్లన్నీ చదివి, చిన్న డి ఆప్షన్‌తో తిరిగి బిగించండి. పని ఆగుతోంది కానీ లాగ్‌లో ఏమీ లేదంటే, పాలసీలోని డోంట్‌ఆడిట్ (లాగ్‌లో రాయవద్దనే) నియమాలు దాస్తుండవచ్చు. ఎస్‌ఈమాడ్యూల్ పెద్ద డి, పెద్ద బితో అవి తొలగుతాయి, పెద్ద బి ఒక్కదానితో తిరిగి వస్తాయి.

మీరు అడగని మాట ఒకటి. /ఆప్ట్‌లో పెట్టి సిస్టమ్‌డీతో నడిపే సొంత యాప్ ఏ డొమైన్‌లో ఉందో పీఎస్ -ఈజెడ్‌తో చూడండి. అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టీ అని వస్తే, గెట్‌ఎన్‌ఫోర్స్ ఎన్‌ఫోర్సింగ్ అంటున్నా ఆ యాప్‌కు దాదాపు కట్టడి లేనట్టే. ఎస్‌ఈపాలసీ జనరేట్‌తో దానికి సొంత డొమైన్ నమూనా తయారవుతుంది. ఆ టీఈ ఫైలులో డొమైన్ పర్మిసివ్‌గా ఉంటుంది. పరీక్షలు ముగిశాక ఆ లైను తీసేస్తేనే కట్టడి మొదలవుతుంది.

ప్రశ్న (ఆదోని): ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ డేటాను కొత్త డిస్క్‌లో /డేటా/మైఎస్‌క్యూఎల్‌కు మార్చాం. ఓనర్ సరిగానే ఉన్నా సర్వీస్ లేవడం లేదు.

జవాబు: ఉబుంటులో ఎస్‌ఈలినక్స్ బదులు మామూలుగా ఉండేది యాప్‌ఆర్మర్. దానికి లేబుళ్లతో పని లేదు, ఫైలు దారి చూస్తుంది. మైఎస్‌క్యూఎల్ ప్రొఫైల్‌లో (దాని అనుమతుల జాబితాలో) పాత దారే ఉంది కాబట్టి కొత్తది నిషిద్ధం. కెర్నల్ లాగ్‌లో యాప్‌ఆర్మర్="డినైడ్" అన్న లైను ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే /ఈటీసీ/యాప్‌ఆర్మర్.డి లోపలి లోకల్ ఫోల్డర్‌లో యూఎస్‌ఆర్.ఎస్‌బిన్.మైఎస్‌క్యూఎల్‌డీ ఫైలు తెరిచి రెండు లైన్లు రాయండి: ఫోల్డర్ దారికి చివర స్లాష్ పెట్టి ఆర్, అదే దారికి రెండు నక్షత్రాలు చేర్చి ఆర్‌డబ్ల్యూకే. కే అంటే ఫైలు లాక్, అది లేకపోతే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్) మొరాయిస్తుంది. ప్రతి లైను చివరా కామా ఉండాలి. తర్వాత యాప్‌ఆర్మర్_పార్సర్ చిన్న ఆర్ ఆప్షన్‌తో అసలు ప్రొఫైల్‌ను మళ్లీ ఎక్కించి, మైఎస్‌క్యూఎల్‌ను స్టార్ట్ చేయండి. అసలు ప్రొఫైల్ ఫైలును నేరుగా దిద్దకండి, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు మీ మార్పులకూ దానికీ తగాదా వస్తుంది.