కొసరులో దొరికిన జవాబులు

ప్ర: విమానం కూలి ఒక దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ, అమెరికన్ టీవీ సిరీస్ 'లాస్ట్' ఆరు సీజన్లూ ఈమధ్యే పూర్తి చేశాను. వేడి దీవిలోకి తెల్ల ఎలుగుబంట్లు ఎలా వచ్చాయి, అక్కడ ప్రయోగాలు చేసిన దార్మా సంస్థ వాళ్లంతా పోయాక కూడా పైనుంచి తిండి సామాన్లు పడేస్తున్నదెవరు, చిన్నపిల్లాడు వాల్ట్ ఏమయ్యాడు, ఏదీ తేల్చకుండానే ముగించారేంటండీ? డీవీడీ డిస్కులో ఏదో ఉందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జ: నిజమే. (సిరీస్ చూడనివాళ్లు ఈ పేజీ తిప్పేయండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.) చివరి ఎపిసోడ్ 2010 మే 23న అమెరికా టీవీ ఛానల్ ఏబీసీలో వచ్చింది. ఆ ఆగస్టులో వచ్చిన డిస్కుల్లో 'ద న్యూ మ్యాన్ ఇన్ చార్జ్' అని సుమారు 12 నిమిషాల ముక్క ఒకటి పెట్టారు.

అందులో దీవివాసుల ఒకప్పటి నాయకుడు బెన్, పసిఫిక్ దీవి గ్వామ్‌లోని ఒక గోడౌన్‌కి వెళ్తాడు. అక్కడ ఇద్దరు ఉద్యోగులు దార్మా ఎప్పుడో మూతపడిందన్న సంగతే తెలియకుండా ఇన్నేళ్లూ సామాన్లు ప్యాక్ చేసి పంపిస్తూనే ఉన్నారు, మీ రెండో ప్రశ్నకు జవాబు అదే. దుకాణం కట్టేయమని బెన్ చెప్పగానే వాళ్లు 'మాకు జవాబులు కావాలి' అని పట్టుబడతారు, తలా ఒక్క ప్రశ్న అడగమంటాడు. ఆ ఇద్దరూ ఎవరనుకున్నారు, మనమే! ఆరేళ్లు గోల చేసిన ప్రేక్షకుల మీద రచయితలు వేసిన చురక అది, నాకైతే భలే నచ్చింది. తర్వాత బెన్ పెట్టిన పాత దార్మా వీడియోలో ఎలుగుబంట్ల సంగతి తేలిపోతుంది: వాటిని తెచ్చింది ప్రయోగాలకే, విద్యుదయస్కాంత శక్తి మీద పరిశోధనలో వాడుకోవడానికే. నాలుగో సీజన్లో పరిశోధకురాలు షార్లెట్ ట్యునీషియా ఎడారిలో తవ్వితీసిన ఎలుగుబంటి ఎముకలు గుర్తున్నాయా, దాని లెక్క కూడా దీంతో కుదురుతుంది. ఇక వాల్ట్. బెన్ మానసిక చికిత్సాలయానికి వెళ్లి వాణ్ని కలిసి వెంట తీసుకెళ్తాడు, బయట వ్యాన్‌లో, విమాన ప్రమాదంలో బతికినవాళ్లలో ఒకడైన హర్లీ ఎదురుచూస్తుంటాడు.

ప్ర: అంటే డబ్బు పెట్టి డిస్కు కొన్నవాళ్లకే జవాబులా? ఇదేం న్యాయం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: సగం ఒప్పుకుంటాను. గోడౌన్, ఎలుగుబంట్లు కొసరులోకి వెళ్లినా నష్టం లేదు, అవి లేకపోయినా కథానాయకుడు జాక్ కథకు ఏ లోటూ రాదు. వాల్ట్ సంగతి అలా కాదు. మొదటి సీజన్ నుంచి వీడు మామూలు పిల్లాడు కాదని ఊరించి ఊరించి, తీరా వాడి గతి తేల్చే సీను టీవీలో చూపించకపోవడం అన్యాయమే. అది అసలు కథలో ఉండాల్సిన ముక్క.

ప్ర: వాళ్లంతా విమానం కూలిన రోజే చచ్చిపోయారని మా అన్నయ్య వాదన. నిజమా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జ: కాదు. మీ అన్నయ్యనేమీ అనకండి, తప్పు ఆయనది కాదు. చివర్లో పేర్లు పడుతుంటే సముద్రపు ఒడ్డున మనిషన్నవాడు లేని విమాన శకలాలు కనిపిస్తాయి కదా, అవి కథలో భాగం కాదు, కాస్త ఊపిరి పీల్చుకోవడానికని ఛానల్ వాళ్లు జోడించినవి. జనం దాన్నే ముగింపు అనుకున్నారు. చివరి ఎపిసోడ్లో చర్చిలో జాక్‌తో వాళ్ల నాన్న, నీకు జరిగిందంతా నిజమేనని, అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారని, కొందరు నీకంటే ముందు, కొందరు నీ తర్వాత చాలా కాలానికి పోయారని స్పష్టంగానే చెప్తాడు. సబ్‌టైటిల్స్ పెట్టి ఆ ఒక్క సీను మళ్లీ చూపించండి.