ఆర్కెస్ట్రా లేకుండా, ఊదే వాయిద్యాల బ్యాండుతో ఒపేరా ఘట్టం పాడితే గొంతు వినబడుతుందా?

వినబడుతుంది. కాకపోతే బ్యాండులో సగం మంది ఊరుకోవాలి. ఆ సగంలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

అమెరికాలో మా ఊరి కమ్యూనిటీ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. ("పెళ్ళిళ్ళకి పిలుస్తారేమిట్రా?" అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.) ఒక ఏడాది ఇటలీ స్వరకర్త వెర్డి 'మాక్‌బెత్'లో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడిచే ఘట్టం ఎత్తుకున్నాం. 1847లో ఫ్లోరెన్స్‌లో తొలిసారి ఆడిన ఒపేరా ఇది. రాజు హత్యలో చేతికంటిన నెత్తురు పోలేదని ఆవిడ నిద్రలోనే చేతులు రుద్దుకుంటుంది. అసలు ఒపేరాలో ఓ వైద్యుడూ, పరిచారికా పక్కనుంచి గుసగుసలాడతారు. మేం ఆ మాటలు తీసేసి ఆవిడ ఒక్కదాన్నే నిలబెట్టాం.

మొదటి రిహార్సల్ రసాభాస. వెర్డి అక్కడ వయొలిన్లకి మ్యూట్ (శబ్దం తగ్గించే బిళ్ళ) పెట్టించాడు, మాలో వయొలిన్ల పని క్లారినెట్లది. పద్నాలుగు మందిమి ఎంత మెల్లగా ఊదినా గాయని పెదాలు కదలడమే కనిపించింది. గట్టిగా పాడమందామా అంటే ఘట్టమే చెడుతుంది. ఈ పాత్రకి అందమైన గొంతు వద్దని, కరుకుగా, ఊపిరాడనట్టు, చీకటిగా ఉండాలని 1848లో వెర్డి స్వయంగా ఉత్తరం రాశాడు. మమ్మల్ని ఇంకా తగ్గించమన్నా లాభం లేదు, మరీ మెల్లగా ఊదితే క్లారినెట్ శ్రుతి పైకి పోతుంది. కండక్టర్ ఒక్కో పార్టుకి ఒక్కరినే ఉంచి, మిగతావాళ్ళని వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండింది, దాచుకోను.

ఇంకో చిక్కు ఊపిరి. వయొలిన్ కమానుకి ఊపిరి అక్కర్లేదు, మాకు కావాలి. గాయని ఆగినచోటే అందరూ గాలి పీల్చుకుంటే పాట మధ్యలో గొయ్యి పడుతుంది. అందుకే ఎవరు ఎక్కడ పీల్చాలో పెన్సిల్‌తో పంచుకున్నారు. ఇంగ్లిష్ హార్న్ (ఇదీ ఊదే వాయిద్యమే) మాత్రం మార్చనక్కర్లేకపోయింది. అరస్వరం కిందికి జారే దాని ఏడుపు వెర్డి రాసిందే.

చివర్లో గాయని పై డి ఫ్లాట్ అనే బాగా ఎత్తైన స్వరం అందుకోవాలి. అక్కడ స్వరాలు రాసిన స్కోరులో 'దారమంత గొంతుతో' అని ఉంటుంది. కచేరీ రోజు ఆవిడ ఆ మెట్లెక్కుతుంటే నా పక్కనావిడ క్లారినెట్ మీటలు టకటకమనడం కూడా వినిపించింది. అంటే గొంతు వినబడలేదనుకునేరు, రెండూ వినబడ్డాయి.