దేవకన్య రెక్కలు వెనక్కి వాలకుండా, నెట్ గుచ్చుకోకుండా కుట్టేదెట్లా?

మహబూబ్‌నగర్‌లో బడి వార్షికోత్సవానికి ఎనిమిదేళ్ల పిల్లలు ఎనిమిది మందికి దేవకన్య వేషాలు కుట్టిస్తున్నామన్నారు. అద్దెకు తెచ్చినవాటి రెక్కలు వెనక్కి వాలుతున్నాయని, నెట్ గుచ్చుకుని పిల్లలు గోక్కుంటున్నారని రాశారు. ఖరీదైన బట్ట కొన్నా ఈ రెండూ పోవు. కుట్టు మార్చాలి.

ముందు రెక్కలు. అద్దె రెక్కలకు సంకల్లోంచి వేసుకునే ఎలాస్టిక్ ఉంగరాలు రెండే ఉంటాయి. బరువు వీపుకు దూరంగా వేలాడుతుంది, పట్టు మాత్రం పైన భుజాల దగ్గరే. అందుకే వెనక్కి గుంజుతుంది. ఎలాస్టిక్ బిగిస్తే సంకలో కోయడమే తప్ప రెక్క నిలవదు. పట్టు కిందికి, నడుం దాకా దిగాలి.

16 గేజీ జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ; గేజీ అంకె పెరిగేకొద్దీ సన్నం) ఒక్కొక్కరికి 4 మీటర్లు తీసుకోండి, 65 గ్రాములే తూగుతుంది. 14 గేజీ అయితే వంద గ్రాములు దాటుతుంది, 18 గేజీ గాలికి వంగిపోతుంది. పై రెక్కలు ఒక్కోటి 15 అంగుళాలు చాలు. అటూ ఇటూ కలిపి 30 అంగుళాలు. స్టేజీ 24 అడుగుల వెడల్పుంటే మనిషికి 3 అడుగులే వస్తుంది కదా, అంతకు మించితే పక్కమ్మాయి కంట్లో పొడుస్తుంది. తీగ రెండు కొసలూ మధ్యలో మెలేసి, 6 అంగుళాల కాళ్లలాగా కిందికి దించండి. కొసను కటింగ్ ప్లేయర్‌తో లోపలికి మడిచి గుడ్డ చుట్టాలి. వదిలేస్తే వెన్నులో దిగుతుంది.

ఈ కాళ్లు దూరేలా లోపల తొడిగే బనీను వీపు మీద రెండు సన్నటి గొట్టాలు కుట్టించండి, మధ్యలో 2 అంగుళాల ఎడం. బనీను అడుగున అంగుళం వెడల్పు ఎలాస్టిక్ నడుము చుట్టూ రావాలి. పైన వేసే జాకెట్‌కు వీపున రెక్క బయటికి వచ్చేంత చీలిక ఉంటే చాలు. జిప్పు మాత్రం వీపున పెట్టించకండి, రెక్కలకు అడ్డం. ఎడమ పక్కన పెట్టించండి.

రెక్కలకు జిలుగు కాగితం వద్దు. మైకు దగ్గర గరగరమంటుంది, మైదానంలో స్టేజీ వేస్తే తెరచాపలా గాలి పట్టి పిల్లను పక్కకు తోస్తుంది. మెత్తటి నెట్ ఒక్క పొర చాలు, గాలి దాని గుండా పోతుంది. గ్లూ గన్ వేడికి నెట్ కరిగి చిల్లులు పడుతుంది. పైగా ఆ అతుకు ఎండలో నిలిపిన కారు డిక్కీలో మెత్తబడి రెక్క రెక్కకు అంటుకుంటుంది. చేత్తో కుట్టడమే మేలు.

తెలంగాణ పల్లెల్లో యక్షగానాలాడే చిందు భాగవతుల కిరీటాలు, భుజకీర్తులు చూడండి. పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. కంటికి బంగారు బరువు, చేతికి బెండు. మీ కిరీటం కూడా సన్నటి అట్ట మీద బంగారు కాగితమే కావాలి, ప్లాస్టిక్ రాళ్లు కాదు.

లంగా సంగతి. దురదకు కారణం గట్టి నెట్ నేరుగా నడుముకు, తొడలకు తగలడం. ముందు మల్ కాటన్‌తో (మెత్తటి పలచటి నూలు బట్ట) లోపలి లంగా కుట్టి, నెట్ అంతా దాని మీదే వేయాలి. కొత్త మల్ ఒకసారి నీళ్లలో ముంచి ఆరేశాకే కత్తిరించండి, లేకపోతే ముడుచుకుపోతుంది. ఇంట్లో పాత నారాయణపేట నూలు చీర ఉంటే ఇంకా మంచిది, ముడుచుకునేదంతా ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది.

నడుము 22, పొడవు 18 అంగుళాల లంగాకు 58 అంగుళాల పన్నా నెట్ 2 మీటర్లు సరిగ్గా సరిపోతుంది. 13 అంగుళాల పట్టీలు ఆరు వస్తాయి, రెండేసి కలిపితే మూడు పొరలు. పొరలన్నీ ఒకే కుట్టులో వేస్తే తాడులా లావెక్కి నడుం చుట్టూ ఒరుస్తుంది. నడుం నుంచి 4 అంగుళాలు వదిలి మొదటి పొర, ముప్పావు అంగుళం ఎడంగా మిగతావి వేయండి. మధ్య పొర ఒక్కటే గట్టి నెట్ అయితే చాలు, లంగా విచ్చుకుని నిలుస్తుంది. మూడూ గట్టివైతే పిల్లలు కింద కూర్చోలేరు. నెట్ కోసిన అంచులకు పైపింగ్, అంటే అంచును మూస్తూ కుట్టే గుడ్డ పట్టీ, తప్పనిసరి, చేతుల దగ్గర మరీ ముఖ్యం.

లైట్లు కావాలంటే బటన్ సెల్ డబ్బాకు స్క్రూ ఉన్నదే కొనండి. ఊడిన సెల్ పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. రెండు పెన్సిల్ సెల్‌లు దాదాపు 45 గ్రాములు, రెక్కకు కాకుండా నడుం బెల్టుకు కట్టండి. ఇంకో మాట, నైలాన్ నెట్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. జ్యోతి ప్రజ్వలన దగ్గర ఈ పిల్లలను నిలబెట్టకండి, చేతికి దీపాలు ఇవ్వకండి.

మొత్తం వేషం తూకమేస్తే 600 గ్రాములు దాటొద్దు, అందులో రెక్కలు 150 లోపే. కుట్టాక ఒక్క పిల్లకు తొడిగి చేతులు పైకెత్తించండి, బాసిపట్లు వేయించండి, పదిసార్లు గెంతించండి. ఇది బాగుంటేనే మిగతా ఏడింటికి బట్ట కత్తిరించండి. లంగా, జాకెట్ విడివిడిగా ఉంచండి. తెర లేవడానికి పది నిమిషాల ముందు ఎవరో ఒకరు బాత్రూమ్ అంటారు.